కెమెరా సంచిలో నెత్తళ్లు

వేసవి సెలవుల్లో పొద్దున నాలుగూ నలభైకి లేచి తయారయ్యే లెక్కల టీచరును మా చెల్లెలి అపార్ట్‌మెంటు కాపలాదారు అంతకుముందు చూసి ఉండడు. మొదటి రోజు గేటు తీస్తూ "ఊరికి వెళ్లిపోతున్నారా అమ్మా?" అని అడిగాడు. భుజాన సంచి, చేతిలో నీళ్ల సీసా, తలకు చుట్టుకున్న చున్నీ చూస్తే ఎవరైనా అదే అనుకుంటారు. రెండో రోజు ఏమీ అడగలేదు. మూడో రోజు నుంచి నేను మెట్లు దిగేసరికే గేటు తీసి ఉండేది.

2025 మే 19 నుంచి 30 దాకా విశాఖపట్నంలో ఫొటోగ్రఫీ నేర్చుకున్నాను. నేను అనకాపల్లి దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. వయసు నలభై నాలుగు. కెమెరా నేను కొన్నది కాదు. మా తమ్ముడు అమెరికా వెళ్తూ ఇచ్చిన నికాన్ డీ5300. ఆరేళ్లు బీరువాలో పట్టుచీరల పక్కన ఉంది. సంచి జిప్పు లాగితే నాఫ్తలిన్ ఉండల వాసన గుప్పున కొట్టేది.

"ఫోనులో కెమెరా ఉండగా పద్నాలుగు వేలు పోసి నేర్చుకోవడం ఎందుకు?" అన్నారు మా వారు. అడగవలసిన ప్రశ్నే. నా దగ్గరున్న జవాబు మాత్రం కాస్త సిగ్గుపడవలసినది. పదో తరగతి పిల్లల వీడ్కోలు రోజున గ్రూపు ఫొటో నేనే తీస్తానని ముందుకు వెళ్లాను. యాభై మూడు మందిని బడి మెట్ల మీద నిలబెట్టాను. వెనక మధ్యాహ్నపు ఆకాశం తెల్లగా మెరిసిపోతోంది. వచ్చిన ఫొటోలో ఆకాశం బ్రహ్మాండంగా ఉంది, పిల్లలందరూ బొగ్గు బొమ్మలు. వాళ్లు దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టుకుని కింద "ఎవరెవరో కనుక్కున్నవారికి బహుమతి" అని రాసుకున్నారు. ఆ గ్రూపులో నేనూ ఉన్నానన్న సంగతి మర్చిపోయారు.

మాస్టారు ఒక దినపత్రికలో ముప్పై ఒక్క ఏళ్లు ఫొటోగ్రాఫరుగా చేసి రిటైరయ్యారు. లాసన్స్ బే కాలనీలో ఉంటారు. మేడ మీది గదిలో ఏటా మే నెలలో ఆరుగురికి మించకుండా నేర్పుతారు. "ఏడో మనిషి వస్తే పేర్లు కలిసిపోతాయి" అనేవారు. మా ఆరుగురిలో ఒక దంత వైద్యురాలు, రైల్వేలో గార్డుగా రిటైరైన పెద్దాయన, విజయనగరంలో పెళ్లిళ్ల స్టూడియో ఉన్న ఒకాయన కొడుకు, ఇంటి నుంచే పని చేసుకునే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ అమ్మాయి, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం కుర్రాడు, నేను. కుర్రాడి కెమెరా ఖరీదు రెండు లక్షలట. అతను దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని వచ్చాడు.

మొదటి పూట కెమెరా ముట్టుకోనివ్వలేదు. షరతులు చెప్పారు. రోజుకు 36 ఫొటోలు, అంతే. ఒకటే లెన్స్, అదీ జూమ్ లేనిది. ఎవరి ముఖం తీసినా వాళ్లకు ప్రింటు తీసుకెళ్లి ఇవ్వాలి. ఇక నాలుగోది వినగానే అందరూ లబలబలాడారు. తీసిన ఫొటో అక్కడికక్కడ చూసుకోకూడదు. నల్ల టేపు తెచ్చి ఒక్కొక్కరి కెమెరా తెర మీదా అంటించుకుంటూ వచ్చారు. నా డీ5300 తెర తలుపులా విడదీసి తిప్పుకునే రకం. దాన్ని గోడ వైపు తిప్పిన పలకలా లోపలికి మూసేస్తే సరిపోయింది, టేపు అవసరం రాలేదు. ఆ ఒక్క విషయంలో రెండు లక్షల కెమెరా కన్నా నాదే మేలనిపించింది.

"36 ఏం సరిపోతాయి సార్?" అన్నాడు కుర్రాడు. ఫిలిం రోలులో వచ్చేవే అన్ని, అందులోనూ తమకు ఒక రోలు రెండు కార్యక్రమాలకు ఇచ్చేవారని మాస్టారు చెప్పారు. ఆ తర్వాత అల్మారాలోంచి ఒక పాత పుస్తకం తీసి రాజా దీన్‌దయాళ్ ఫొటోలు చూపించారు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన మనిషి. 1844లో పుట్టి 1905లో పోయారు. ఆయన తీసిందంతా గాజు పలకల మీద. ఒక ఫొటోకు ఒక పలక. పెట్టెల కొద్దీ గాజు మోయించుకుంటూ కోటలూ రాజభవనాలూ తిరిగారు. ఆయన రూర్కీలో ఇంజనీరింగ్ చదువుకున్నారని విన్నాక నాకు ఇంకాస్త దగ్గరివాడిలా తోచారు. కుర్రాడు మళ్లీ లెక్క గురించి నోరెత్తలేదు.

ఆ సాయంత్రం మేడ మీద మూడు వస్తువులు పెట్టారు. నల్ల గొడుగు, తెల్ల తువ్వాలు, పక్కన సిమెంటు గోడ. ఒక్కోదాన్నీ ఫొటో నిండా వచ్చేంత దగ్గర నుంచి, కెమెరా చెప్పిన కొలతకే కట్టుబడి తీయమన్నారు. తీశాం. కంప్యూటర్‌లో వేసి చూపించారు. మూడూ ఒకే బూడిద రంగు. తువ్వాలు ఉతకని తువ్వాలు, గొడుగు వెలిసిపోయిన గొడుగు, గోడ ఒక్కటే గోడ.

"దీనికి తెలుపంటే తెలియదు, నలుపంటే తెలియదు. ఎదురుగా ఏమున్నా సగటున బూడిద రంగే అనుకుంటుంది. తెల్లనిది తెల్లదని మీరు చెప్పాలి" అన్నారు. తువ్వాలుకు ఒకటిన్నర మెట్టు వెలుగు పెంచి, గొడుగుకు అంతే తగ్గించి మళ్లీ తీస్తే ఏ రంగుది ఆ రంగులో పడింది. మా పదో తరగతి పిల్లలు ఎందుకు బొగ్గయ్యారో అప్పుడు తెలిసింది. అంత తెల్లటి ఆకాశాన్ని బూడిద రంగుకు దించబోయి పిల్లల్ని కూడా కలిపి దించేసింది. యాభై మూడు మంది ముఖాలు పోయింది ఒక సగటు వల్ల. పరీక్ష ఫలితాల సగటులు చెప్పుకుంటూ బతికే మాకు ఇది కొత్త అనుభవమేమీ కాదు.

మూడో రోజు జరిగింది నేను ఎవరికైనా చెప్పకుండా ఉండలేను.

లెన్స్ ద్వారం గురించి పాఠం. బోర్డు మీద మాస్టారు వరసగా 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అని రాశారు. ఒక్కో మెట్టు కుడికి జరిగితే లోపలికి వచ్చే వెలుగు సగం అవుతుంది, బట్టీ పట్టేయండి అన్నారు. అందరూ పుస్తకాల్లో ఎక్కించుకుంటున్నారు. నా చేయి ఆగిపోయింది. ఒకటి విడిచి ఒకటి చూస్తే 2, 4, 8, 16. మిగిలినవి 1.4, 2.8, 5.6, 11. ప్రతి అంకెనూ 1.414తో గుణిస్తే పక్క అంకె వస్తోంది. రెండు వర్గమూలం! ఇరవై ఏళ్లుగా పిల్లలు "ఇది ఎక్కడ పనికొస్తుంది టీచర్?" అని అడిగితే చతురస్రం కర్ణం అని చెప్పి తప్పించుకుంటున్న ఆ సంఖ్య, నా చేతిలోని లెన్స్ మీదే కూర్చుని ఉంది.

ఉండబట్టలేక లేచి చెప్పేశాను. ఈ అంకె అంటే లెన్స్ నాభ్యంతరాన్ని, అదే ఫోకల్ లెంగ్తును, ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చేది. నా 35 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్ 2 దగ్గర పెడితే ద్వారం వెడల్పు పదిహేడున్నర మిల్లీమీటర్లు. ఎఫ్ 16 దగ్గర రెండు మిల్లీమీటర్లు దాటి కొంచెం. వెలుగు వచ్చేది ద్వారం వైశాల్యాన్ని బట్టి. వైశాల్యం సగం కావాలంటే వ్యాసం సగం కాకూడదు, రెండు వర్గమూలంతో భాగించాలి. అందుకే 4 తర్వాత 8 కాదు, 5.6. సుద్దముక్క ఎప్పుడు తీసుకున్నానో గుర్తులేదు కానీ బోర్డు సగం నిండింది.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ముప్పై ఒక్క ఏళ్లు ఈ రింగు చీకట్లో కూడా తిప్పాను. నాలుగు తర్వాత ఐదు పాయింట్ ఆరు ఎందుకొచ్చిందో కంపెనీవాళ్ల ఇష్టం అనుకున్నాను" అన్నారు. మళ్లీ ఒకసారి చెప్పించుకున్నారు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. ఆ తర్వాతే, "టీచరు గారూ, రేపు పొద్దున చేపల రేవులో ఈ లెక్క వేసుకుంటూ కూర్చోకండి" అన్నారు.

జూన్ 12న బడులు తెరిచాక మర్నాడే ఆ లెన్స్ తీసుకెళ్లి తొమ్మిదో తరగతికి చూపించాను. వరస చూసి గుణించుకుంటూ వచ్చిన ఒక పిల్ల లేచి, "ఎనిమిది తర్వాత 11.31 కదా టీచర్ రావాలి. 11 అని రాశారేమిటి? మాకైతే అర మార్కు తీసేస్తారు" అంది. నికాన్ కంపెనీకి అర మార్కు తీసేశాం.

మాస్టారుకు సూత్రాలు పనికిరావని కాదు. ఆయనవి నోటి లెక్కలు. వాటిలో నాకు బాగా నచ్చినదాన్ని ఆయన "ఎండ పదహారు" అనేవారు. నడినెత్తిన సూర్యుడుంటే ద్వారం 16 దగ్గర పెట్టు, ఐఎస్‌వో, అంటే వెలుగును పట్టుకునే సున్నితత్వం, 100 అయితే షట్టర్ తెరిచి ఉండేది సెకనులో 100వ వంతు, 200 అయితే 200వ వంతు. కొలత యంత్రం లేకపోయినా ఫొటో పాడుకాదు. మబ్బు పడితే పదహారు కాస్తా ఎనిమిది. మా విశాఖ ఎండకు ఆ పదహారు కూడా చాలదేమో అనిపించేది. ఉక్కపోతకు వ్యూఫైండర్ మీద చెమట పట్టి, కన్ను పెట్టినప్పుడల్లా లోకమంతా పొగమంచులో ఉండేది.

ఒక రోజు ఏటికొప్పాక వెళ్లాం. వరాహ నది ఒడ్డున లక్క బొమ్మలు చేసే ఊరు. నాకు కొత్త కాదు, మా బంధువుల్లో ప్రతి పెళ్లికీ అక్కడి కుంకుమభరిణెలే బహుమతి. కానీ బొమ్మ పుట్టేటప్పుడు ఎప్పుడూ చూడలేదు. అంకుడు కర్ర ముక్క యంత్రం మీద గిరగిరా తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తారు. ఒరిపిడికి పుట్టే వేడికే లక్క కరిగి కర్ర చుట్టూ పూసుకుపోతుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో అదిమి పట్టి నిగనిగలాడిస్తారు. సెకనులో 500వ వంతులో తీస్తే తిరిగే కర్ర ఆగిపోయినట్టు, కరెంటు పోయి మనిషి ఖాళీగా కూర్చున్నట్టు పడింది. 15వ వంతులో తీస్తే కర్ర పసుపు పొగలా మారి, దాన్ని పట్టుకున్న వేళ్లు మాత్రం గీత గీతా స్పష్టంగా ఉంటాయి. ఉండాలి. నా చేతులు కూడా వణికాయి కాబట్టి నా మొదటి పది ఫొటోల్లో వేళ్లూ పొగే, గోడా పొగే. మోచేతులు డొక్కలకు ఆనించి, గుమ్మానికి చేరబడి, ఊపిరి సగం వదిలి ఆపి నొక్కమన్నారు. పదకొండోది వచ్చింది. దాన్ని మధ్యాహ్నం కంప్యూటర్‌లో చూసేదాకా వచ్చినట్టు నాకు తెలియదు, తెర మూసి ఉంది కదా.

ముంజల పాఠం చాలా చిన్నది. కాలనీలోకి ముంజల బండి వస్తే డజను కొన్నారు. ఒక ముంజను పొట్టు తీసి గాజు పలక మీద పెట్టి, కిటికీకి వీపు పెట్టి తీయమన్నారు. తెల్ల గులకరాయిలా ఉంది. తర్వాత కిటికీకి ఎదురుగా, వెలుగు ముంజ వెనక నుంచి వచ్చేలా కూర్చోమన్నారు. ఇప్పుడు దాని లోపల దీపం పెట్టినట్టుంది, నడిమధ్య నీళ్లు కదులుతున్నాయి. ఆయన ఇంకేమీ చెప్పలేదు. మిగిలినవి తినేశాం, తర్వాత దాన్ని కూడా.

కోర్సు అంతా ఇలాగే సాగిందంటే అబద్ధం. ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు కంప్యూటర్ ముందు పోయాయి. రంగులు దిద్దడం, వంకర సరిచేయడం, ఏ మీట ఎటు జరపాలో చెప్పడం. ఆ రెండు రోజులూ ఏసీ పనిచేయలేదు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఆ పాఠానికి ఏడుగురం ఒక గదిలో ఉడకనక్కర్లేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మాస్టారి నోరు కూడా మంచిది కాదు. గార్డు గారు మురిపెంగా ప్రింటు వేయించి తెచ్చిన సూర్యోదయాన్ని చూసి "ఇది బస్సు టికెట్. మీరు అక్కడికి వెళ్లారని తెలుస్తోంది, అంతే" అన్నారు. పెద్దాయన ముఖం మాడిపోయింది. నాకు కోపం వచ్చింది. వెంటనే మా పిల్లల నోటు పుస్తకాల్లో ఎర్ర సిరాతో నేను రాసే "మళ్లీ చెయ్యి" గుర్తొచ్చి ఆ కోపం మింగేశాను.

ఇక రేవు సంగతి.

రోజూ పొద్దున అయిదుంబావుకల్లా చేపల రేవులో ఉండాలి. మే నెలలో మాకు సూర్యుడు అయిదున్నర లోపే వచ్చేస్తాడు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లు కదలనివ్వరు. రేవులో అవి ఒకదాని పక్కన ఒకటి వీధిలో ఆటోల్లా ఇరుక్కుని ఉన్నాయి. కొన్నింటిని ఒడ్డుకు లాగి అడుగున పట్టిన నత్తగుల్లలు గీకుతున్నారు, రంగులు వేస్తున్నారు. 2023 నవంబరులో ఇదే రేవులో ఒక రాత్రి అగ్నిప్రమాదం జరిగి పదుల కొద్దీ పడవలు కాలిపోయాయి. ఏ పడవకు రంగు వేస్తున్న వాళ్లతో మాట కలిపినా రెండో మాట ఆ రాత్రి గురించే. నౌకాదళం ఓడలున్న వైపు కెమెరా ఎత్తవద్దని మాస్టారు మొదటి రోజే గట్టిగా చెప్పారు.

ఒక పక్కన నేల మీద నెత్తళ్లు ఆరబోసి ఉన్నాయి. వాటి మధ్య గొంతుక్కూర్చుని ఒకావిడ చేత్తో తిరగేస్తోంది. యాభై అయిదు ఉంటాయి. నేను ఇరవై అడుగుల దూరంలో పడవ చాటున నిలబడి కెమెరా ఎత్తాను. జూమ్ లేదు కదా, వ్యూఫైండర్‌లో ఆవిడ చీమంత ఉంది. ఆవిడ తల ఎత్తకుండానే అంది: "అంత దూరం నుంచి కాకుల్ని తీసినట్టు తీస్తారెందుకమ్మా? దగ్గరికి రండి."

వెళ్లాను. "అప్పా" అని పిలిచాను. మా వైపు అక్కను అప్ప అనే అంటారు. ఆ పిలుపు వినగానే కాస్త జరిగి చోటిచ్చింది. నిషేధానికి ముందు పట్టిన సరుకట, గాలికి తేమ ఎక్కితే మళ్లీ ఎండబెట్టుకోవాలట. ఆ పూట నా 36లో పంతొమ్మిది ఆవిడవే. చేతులు, నెత్తళ్లు, చేతులు.

షరతు ప్రకారం నాలుగో రోజు ప్రింటు తీసుకెళ్లాను. నాకు లోపల గర్వంగానే ఉంది. వెండి రేకుల్లాంటి చేపలు, వాటి మీద వంగిన ముఖం, పక్క నుంచి పడే పొద్దుటి ఎండ. ఆవిడ తడి చేతులు చీరకు తుడుచుకుని ఫొటో అంచులు పట్టుకుని చూసింది. ముఖం చూసుకోలేదు. ఎడమ చివర వేలు పెట్టింది.

"ఇది మా మరదలు. సగమే పడింది. తీస్తే మొత్తం మనిషిని తీయాలి, లేకపోతే పక్కకు జరగమనాలి. సగం మనిషిని తీయకూడదు."

నిజంగానే ఫొటో అంచున ఒక భుజం, ఒక చెవి, సగం బుట్ట ఉన్నాయి. తీసేటప్పుడు అవి నాకు కనిపించనే లేదు. ఈ మాట మాస్టారికి చెబితే పడీపడీ నవ్వారు. "ఇవాళ్టి పాఠం అయిపోయింది, నేను చెప్పవలసినది ఆవిడ చెప్పేసింది" అన్నారు. ఆ రోజు నుంచి నొక్కే ముందు నాలుగు అంచులూ చుట్టి రావడం అలవాటైంది. ముఖం తర్వాత, ముందు మూలలు.

ఆ ఏడాది రుతుపవనాలు తొందరపడ్డాయి. మే 24కే కేరళను తాకాయి. మరో నాలుగైదు రోజుల్లో మా దగ్గరా మబ్బులు. పొద్దుటి బంగారు ఎండ పోయిందని మేం దిగులుపడుతుంటే మాస్టారు చేతులు రుద్దుకున్నారు. మబ్బు పట్టిన ఆకాశమంత మంచి దీపం ఏ స్టూడియోలోనూ దొరకదట. నీడలు పదునుగా పడవు, కళ్లు చిట్లించరు, ముఖం ముఖంలా ఉంటుందట.

పదో రోజు అప్ప నన్ను ఆపింది. "నాకు ఒక్కదానికే ఒక ఫొటో తీస్తారా? నవ్వకుండా. నిటారుగా."

"తీస్తాను. ఎందుకు?"

"దండ వేయడానికి."

నాకు వెంటనే ఏమనాలో తోచలేదు. ఆవిడ మాత్రం నెత్తళ్ల ధర చెప్పినంత మామూలుగా చెప్పుకుపోయింది. వాళ్ల అమ్మ పోయినప్పుడు ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఏదో కాగితం మీద అంటించి ఉన్న చిన్న ఫొటో దొరికితే దాన్నే పెద్దది చేయించి పటం కట్టించారు. ఆ చిన్న ఫొటో మీద ఆఫీసు ముద్ర సగం పడి ఉంది. అదీ పెద్దదైంది. "ఇప్పటికీ మా అమ్మ బుగ్గ మీద గుండ్రంగా సర్కారు ముద్ర ఉంటుంది. పండగకు బొట్టు పెట్టినప్పుడల్లా అదే కనిపిస్తుంది" అంది. "నాకేమీ తొందర లేదులెండి. ఇంకా ముప్పై ఏళ్లు ఉంటాను. కానీ అప్పటికి ముసలిదాన్ని అయిపోతాను కదా. ఇప్పుడు బాగున్నాను, ఇప్పుడే తీసి పెట్టండి."

మర్నాడు పొద్దున ఆరున్నరకు తయారై వచ్చింది. ఇస్త్రీ మడతలు విప్పని ఆకుపచ్చ చీర, నూనె రాసి దువ్విన తల, రూపాయి కాసంత బొట్టు. ఒడ్డుకు లాగిన పడవ పక్కన, కొత్తగా నీలం రంగు వేసిన చెక్కల ముందు స్టూలు వేశాం. ద్వారం ఎఫ్ 4, షట్టర్ 250వ వంతు, ఐఎస్‌వో 200. నాలుగు మూలలూ చూశాను. ఒక తాడు వేలాడుతోంది, తీయించాను. ఆవిడ మరదలిని పక్కకు జరగమన్నాను, ఆవిడే పెద్దగా నవ్వింది. అప్ప నవ్వలేదు. గడ్డం కొంచెం ఎత్తి లెన్స్‌లోకి సూటిగా చూసింది. అంత సూటిగా నన్ను మా ఇన్‌స్పెక్షన్ అధికారులు కూడా చూడలేదు. నాలుగు తీశాను. ఐదోది తీయబుద్ధి కాలేదు.

చివరి రోజు మేడ మీది గదిలో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో ఒక్కొక్కరం అయిదేసి ప్రింట్లు వేలాడదీశాం. రెండు లక్షల కెమెరా కుర్రాడు అయిదూ ఏటికొప్పాకవే పెట్టాడు, అందరికన్నా బాగున్నాయి, ఒప్పుకోవాలి. గార్డు గారు ఈసారి సూర్యుణ్ణి వదిలేసి, సూర్యోదయానికి ఫోన్లు ఎత్తిన జనాన్ని వెనక నుంచి తీశారు. మాస్టారు ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డారు. టికెట్ మాట ఎత్తలేదు.

నా దగ్గరకొచ్చి అప్ప ఫొటో చూశారు. వెలుగు గురించి గానీ అంచుల గురించి గానీ ఏమీ అనలేదు.

"ఇది ఆవిడకు ఇచ్చేశారా?"

"ఇంకా లేదండీ. పెద్ద సైజు వేయించి ఇద్దామని..."

"అయితే ఇక్కడెందుకు వేలాడుతోంది?"

తీసి సంచిలో పెట్టుకున్నాను.

జూన్ 14, రెండో శనివారం. పన్నెండు అంగుళాల ప్రింటు పట్టుకుని అనకాపల్లి నుంచి బస్సులో వెళ్లాను. ఆ అర్ధరాత్రితో నిషేధం ముగుస్తుంది. రేవు నేను చూసిన రేవులా లేదు. ఐసు దించే లారీలు, డీజిలు డ్రమ్ములు, బియ్యం బస్తాలు, పడవల ముక్కులకు పసుపు కుంకుమలు, బంతిపూల దండలు. ఎవరికీ ఎవరితోనూ మాట్లాడే తీరిక లేదు. అప్ప ఇద్దరు కొడుకులకూ మూటలు కట్టి ఇస్తోంది. నన్ను చూసి చేయి ఊపి ఆగమంది. నేను ఐసు పెట్టె మీద అరగంట కూర్చున్నాను. కెమెరా తెచ్చాను కానీ తీయలేదు, దారికి అడ్డం వస్తానని.

వచ్చాక కాగితం విప్పి చూసింది. ఈసారి అంచులు చూడలేదు.

"నా కుడి కన్ను చిన్నదని ఇన్నాళ్లూ ఒక్కరూ చెప్పలేదు" అంది. కాసేపు ఆగి, "బాగుంది. దాచిపెడతాను. పిల్లలకు ఇప్పుడే చూపించను, వేటకు వెళ్తున్నారు, మనసు పాడుచేసుకుంటారు" అంది. బియ్యం సంచిలోంచి చించిన ప్లాస్టిక్‌లో నాలుగు మడతలు చుట్టి, తన సామాను పెట్టె అడుగున పెట్టింది.

నేను లేవబోతుంటే చేయి పట్టుకుంది. "డబ్బులు తీసుకోరని తెలుసు" అని, పేపరులో చుట్టిన పొట్లం నా కెమెరా సంచిలో, లెన్స్ పక్కన ఉన్న ఖాళీలో కుక్కి జిప్పు లాగింది. అరకిలో పైనే ఉంటాయి నెత్తళ్లు.

తిరుగు బస్సులో నా పక్క సీటు గాజువాక దాకా ఖాళీగానే ఉంది. కండక్టరు టికెట్ ఇచ్చి, సంచి వైపు చూసి, "కెమెరా అండీ?" అని అడిగాడు. అవునన్నాను. ఆ ఆదివారం వంకాయ వేసి వండాను. మా వారు రెండోసారి అన్నం కలుపుకున్నారు. ఆ సంచి మాత్రం మళ్లీ పట్టుచీరల పక్కకు రానివ్వలేదు. ఇప్పుడది వంటింటి గట్టు కింద, ఉల్లిపాయల బుట్ట పక్కన ఉంటోంది.